ఇంట్లో ఏం వేసుకోవాలి, టీవీలో ఏం చూడాలి: వారానికి సరిపడా పోలిక

ఇంట్లో వేసుకునే బట్టల సంగతి అడిగితే చాలా ఇళ్ళల్లో వినిపించే మాట ఒకటే, బయటికి పనికిరానివి ఇంట్లో వేసేసుకుంటాం అని. మెడ సాగిపోయిన టీషర్టు, రంగు వెలిసిన చుడీదార్ టాపు, ఎలాస్టిక్ వదులైన ప్యాంటు, అన్నీ ఇంటి బట్టల ఖాతాలోకి వచ్చేస్తాయి. నాకు ఈ పద్ధతి అస్సలు నచ్చదు. రోజులో ఎక్కువ గంటలు ఒంటి మీద ఉండేవి అవే, వంట చేసేది, కూర్చునేది, టీవీ చూసేది, ఒక్కోసారి అలాగే నిద్రపోయేది కూడా వాటితోనే, అలాంటప్పుడు ముందు మంచివి చూసి కొనుక్కోవాల్సింది వాటినే కదా.

టీవీ విషయంలోనూ అంతే. రిమోట్ ఎక్కడ ఆగితే అది చూసేసి, పదింటికి లేచి, ఈ రోజంతా ఏం చూశామో గుర్తు లేదనుకోవడం మామూలైపోయింది. అందుకే ఈ రెండింటినీ కలిపి ఎంచుకోమని చెప్తున్నాను. సాయంత్రం ఆరు నుంచి పది దాకా మనం చేసే పనిని బట్టే బట్టలూ, చూసే ప్రోగ్రామూ రెండూ తేలతాయి. నేను వేసుకునే ప్రశ్నలు రెండే. చూసేదానికి చెవులు సరిపోతాయా, కళ్ళు కూడా అప్పగించాలా? చూస్తున్నంతసేపూ చేతులు పనిలో ఉంటాయా, కాళ్ళు చాపుకుని కూర్చుంటామా? ఈ రెండూ తేలితే మిగతా ఎంపిక సులువు.

ముందు సీరియల్ టైమ్ తీసుకుందాం. సోమవారం నుంచి శనివారం దాకా నడిచే డైలీ సీరియల్స్‌ని తీసిపారేయను, వాటికి వాటి ఉపయోగం ఉంది. మన దేశంలో కేబుల్ టీవీ నిబంధనల ప్రకారం గంటకి 12 నిమిషాలకి మించి యాడ్స్ వేయకూడదు, అంటే అరగంట ఎపిసోడ్‌లో ఆరు నిమిషాలు యాడ్స్ కింద పోవచ్చు, ఆ మిగిలిన దాంట్లో నిన్నటి సీన్ కొంత, ముఖాల మీద తిరిగే కెమెరా కొంత. కథ మొత్తం మాటల్లోనే వచ్చేస్తుంది కాబట్టి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వింటే చాలు, యాడ్స్‌లో లేచి కుక్కర్ కట్టేసి రావచ్చు. కాబట్టి ఈ టైమ్‌కి కావలసింది వంటింటికీ హాల్‌కీ మధ్య తిరిగే బట్టలు. కూర్చునే బట్టలు కావు.

ఇక్కడ పోటీ నైటీకీ, కుర్తీ-పలాజోకీ మధ్యే. నైటీలో మళ్ళీ నేత కాటన్, హోజరీ అనే బనియన్ బట్ట, శాటిన్ లాంటి సింథటిక్‌వి ఉన్నాయి. వంట చేసేవాళ్ళు సింథటిక్‌ని పక్కన పెట్టేయండి, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. నూలు బట్ట కూడా మంటకి అంటుకుంటుంది, కానీ పాలిస్టర్ కరిగి చర్మానికి అతుక్కుపోతుంది, గాయం ఇంకా లోతుగా అవుతుంది. పైగా పాలిస్టర్ చెమటని పీల్చదు. గాలిలోని తేమని ఏ రకం దారం ఎంత పట్టుకుంటుందో బట్టల పరిశ్రమలో కొలిచే లెక్క ఒకటి ఉంది, అందులో కాటన్‌కి దాదాపు 8.5 శాతం, రేయాన్‌కి 11 నుంచి 13, పాలిస్టర్‌కి 0.4. మే నెలలో విజయవాడ వంటింట్లో పొయ్యి ముందు నిలబడినవాళ్ళకి ఈ తేడా లెక్క చూడకుండానే తెలుస్తుంది.

కాటన్ నైటీ కొనేటప్పుడు ప్రింటు చూసి మోసపోకుండా ముందు దాన్ని తిరగేయండి. లోపల పక్క కుట్టు దగ్గర కనీసం అర అంగుళం బట్ట వదిలారా, పోగులు ఊడకుండా అంచుకి ఓవర్‌లాక్ కుట్టు వేశారా, లేక అంచు తెగ్గోసి వదిలేశారా అన్నది అక్కడే కనిపిస్తుంది. చంక కింద రెండు వేళ్ళు పెట్టి రెండు వైపులకీ మెల్లగా లాగి చూడండి, కుట్టు పళ్ళు తెరుచుకున్నట్టు కనిపిస్తే పైన అటక మీది డబ్బా అందుకున్న రోజే అది చిరుగుతుంది. జిప్ ఉన్నదైతే పై కొస మెడ కింద గుచ్చుకుంటుందేమో వేలితో తడిమి చూడాలి. జేబు తప్పనిసరి, ఫోన్ పెట్టుకోవడానికి జేబు లేని నైటీని నేను కొననే కొనను. ఒక తెల్ల కర్చీఫ్ తడిపి లోపలి వైపు గట్టిగా రుద్దితే రంగు దిగేదో కాదో అక్కడికక్కడే తేలిపోతుంది, షాపువాళ్ళు ఏమనుకుంటారో అని మొహమాటపడకండి.

పొడవు సంగతి వేరే చెప్పాలి. ముందే తడిపి ఆరబెట్టకుండా కుట్టిన కాటన్ మొదటి ఉతుకులకి 3 నుంచి 5 శాతం కుంచించుకుపోవడం మామూలే. 54 అంగుళాల నైటీ 5 శాతం తగ్గితే రెండున్నర అంగుళాలకి పైనే పోయినట్టు. అందుకని షాపులో సరిగ్గా సరిపోయినది ఇంటికొచ్చి ఉతికాక పొట్టిదవుతుంది. అలాగని మరీ పొడుగుది తెచ్చుకుంటే మెట్లు ఎక్కేటప్పుడు కాలికి అడ్డం పడుతుంది, చేతిలో అన్నం గిన్నె ఉంటే ఇంకా ప్రమాదం. చీలమండ దాటి ఒక రెండు అంగుళాలు కిందికి ఉన్నది తీసుకుంటే ఉతికాక సరైన చోటుకి వస్తుంది.

మరి కుర్తీ-పలాజో ఎప్పుడు గెలుస్తుంది? మీ ఇంటి బెల్లు ఎంత తరచుగా మోగుతుందన్న దాని మీద. నైటీ మీద చున్నీ కప్పుకుని తలుపు తీయడం మనందరికీ అలవాటే, తలుపు వెనక మేకుకి ఒక చున్నీ ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది. కానీ కొరియర్ అబ్బాయి, పక్కింటి అక్క, మామయ్యగారిని చూడ్డానికొచ్చే స్నేహితులు, ఇలా సాయంత్రం అంతా ఎవరో ఒకరు వస్తూపోతూ ఉండే ఇంట్లో ప్రతిసారీ చున్నీ వెతుక్కోవడం కంటే కుర్తీలో ఉండడమే హాయి, మధ్యలో పాల ప్యాకెట్‌కి కిందికి దిగాలన్నా బట్టలు మార్చక్కర్లేదు. నలుగురూ రాని ఇల్లయితే నైటీని మించింది లేదు, నడుం దగ్గర ఏ బిగింపూ లేని బట్ట అదొక్కటే.

కుర్తీల్లో ఇప్పుడు షాపుల నిండా రేయానే. చేతికి చల్లగా తగులుతుంది, ఒంటి మీద చక్కగా జారుతుంది, చూడ్డానికి బాగుంటుంది, తప్పేం లేదు. కానీ రేయాన్ తడిస్తే బలం తగ్గిపోతుంది, కాటన్ తడిస్తే ఇంకా గట్టిపడుతుంది, ఈ ఒక్క తేడా చాలామంది పట్టించుకోరు. రేయాన్ కుర్తీని బకెట్లో నానబెట్టి, కాటన్ దుప్పటి పిండినట్టు మెలిపెట్టి పిండితే నాలుగు నెలలకే ఆకారం పోతుంది. నీళ్ళు బాగా పీల్చుకుంటుంది కాబట్టి ఆరడానికీ టైమ్ పడుతుంది, వానాకాలంలో బాల్కనీ లేని ఫ్లాట్‌లో ఆరేస్తే మర్నాటికి కూడా ముక్క వాసన. అందుకని ఎండాకాలానికి, చేత్తో మెల్లగా ఉతుక్కునేవాళ్ళకి రేయాన్ సరే. వాషింగ్ మెషీన్‌లో అన్నీ కలిపి వేసేసేవాళ్ళకి, వానాకాలానికి పల్చటి కాటన్. పెడన అచ్చు ప్రింటు కాటన్ దొరికితే మీటర్ల లెక్కన తెచ్చుకుని ఒక రాత్రి నీళ్ళల్లో వేసి ఆరబెట్టి కుట్టించుకోవడం అన్నిటికంటే మంచి దారి. కుట్టుకూలి కలిపితే రెడీమేడ్ కంటే ఎక్కువే అవుతుంది, అయినా జేబు, చేతుల పొడవు, మెడ మన ఇష్టప్రకారం వస్తాయి.

ఇక శుక్రవారం, శనివారం రాత్రులు. వంట అయిపోయింది, పిల్లలకి స్కూల్ టెన్షన్ లేదు, ఇప్పుడు కళ్ళు అప్పగించి చూసేవి పెట్టుకోవచ్చు. నాకు ఈ రాత్రుళ్ళకి వెబ్‌సిరీస్‌లే ఇష్టం, వాటికి ఒక ముగింపు ఉంటుంది కాబట్టి. తెలుగులో ఎంచుకోమంటే మూడు ముందు పెడతాను.

కుటుంబమంతా ఒకే సోఫాలో కూర్చుని చూడాలంటే ఈటీవీ విన్‌లో 2024 జనవరిలో వచ్చిన '90స్: ఎ మిడిల్ క్లాస్ బయోపిక్'. ఆరు ఎపిసోడ్లు. లెక్కల మాస్టారు చంద్రశేఖర్‌గా శివాజీ, భార్యగా వాసుకి, ముగ్గురు పిల్లలు, మార్కులు, రూపాయి రూపాయి లెక్కపెట్టే ఇల్లు. ముప్పై అయిదు దాటినవాళ్ళకి ఇది చూస్తుంటే పక్కన కూర్చున్న పిల్లలకి ఏదో ఒకటి చెప్పాలనిపిస్తుంది, మధ్యమధ్యలో ఆపేసి మాట్లాడుకోవడంలోనే సగం సంతోషం ఉంది, అందుకే దీన్ని ఒక్క రాత్రిలో లాగించేయకుండా రాత్రికి రెండు చొప్పున పెట్టుకోండి. భార్యాభర్తలిద్దరే చూసుకోవడానికైతే 'సేవ్ ద టైగర్స్', జియోహాట్‌స్టార్‌లో, మొదటి సీజన్ 2023లో వచ్చింది. ముగ్గురు మొగుళ్ళ గోల, ప్రియదర్శి, అభినవ్ గోమఠం, చైతన్య కృష్ణ. నవ్వుకోవచ్చు, కానీ పిల్లలు పడుకున్నాకే పెట్టండి, మాటలు కొన్ని వాళ్ళ చెవిన పడాల్సినవి కావు.

మూడోది 'సివరపల్లి', 2025 జనవరిలో ప్రైమ్ వీడియోలో వచ్చింది. ఇది హిందీ 'పంచాయత్'కి తెలుగు రూపం, ఇంజినీరింగ్ చదివిన కుర్రాడు పల్లెటూరి పంచాయతీ కార్యదర్శిగా వెళ్ళి పడే పాట్లు, రాగ్ మయూర్ చేశాడు. ఇందులో ఎంపిక చాలా తేలిక. హిందీ బాగా వచ్చి, ఇంకా ఏదీ చూడకపోతే ముందు మూలమే చూడండి, జితేంద్ర కుమార్, రఘువీర్ యాదవ్, నీనా గుప్తాల నటన కోసం. అది 2020లో మొదలై నాలుగు సీజన్లు నడిచింది, కాబట్టి చాలా వారాలు కలిసొస్తుంది. ఇంట్లో అమ్మకో అత్తయ్యకో హిందీ రాకపోతే సివరపల్లి పెట్టండి, తెలంగాణ మాట తెలిసినవాళ్ళకి ఆ యాస వింటుంటేనే హాయిగా ఉంటుంది. రెండోసారి అదే కథ అన్న విసుగు మాత్రం మూలం చూసినవాళ్ళకి రాక తప్పదు, ఆ టైమ్ వేరే దేనికైనా ఉంచుకోండి.

కొరియన్ డ్రామాల పిచ్చి ఉన్నవాళ్ళకి ఒక మాట. చాలావరకు 12 నుంచి 16 ఎపిసోడ్లు, ఒక్కోటి గంటకి అటూ ఇటూ. తెలుగు డబ్బింగ్ ఉంటే సరే, సబ్‌టైటిల్స్‌తో చూడాల్సి వస్తే బట్టలు మడతపెడుతూ చూద్దాం అన్న ఆలోచన మానుకోవాలి, రెండు చొక్కాలు మడిచేలోగా ముఖ్యమైన మాట పోతుంది.

ఇలా గంటలకొద్దీ కదలకుండా కూర్చునే రాత్రులకి నేత బట్ట కంటే హోజరీ మేలు. మోకాళ్ళు మడిచినా, పక్కకి ఒరిగినా మనతో పాటే సాగుతుంది. కొన్ని టీషర్టుల ట్యాగ్ మీద జీఎస్‌ఎమ్ అని ఒక అంకె ఉంటుంది, చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాముల బరువో చెప్పేది అదే. 140కి కాస్త అటూ ఇటూ ఉంటే పల్చన, ఎండాకాలానికి. 160 నుంచి 180 మధ్య ఉన్నది ఏడాది పొడుగునా పనికొస్తుంది, ఉతికినా మెడ దగ్గర అంత త్వరగా ముడతలు పడదు. 220 దాటినవి ఈ మధ్య ఫ్యాషన్ అయ్యాయి కానీ హైదరాబాద్‌లో డిసెంబరు, జనవరి తప్ప వాటితో పని లేదు.

పైజమాకి నడుం దగ్గర ఏముందో చూడకుండా కొనకండి. వెడల్పు ఎలాస్టిక్, దానిలోనే బొందు కూడా ఉన్నది అన్నిటికంటే మంచిది. సన్న ఎలాస్టిక్ భోజనం చేసి కూర్చున్న గంటకే నడుం చుట్టూ ఎర్రటి గీత వేస్తుంది, ఉత్త బొందు అయితే మాటిమాటికీ వదులు చేసుకోవాలి. మగవాళ్ళ సంగతి కూడా ఇందులోనే చెప్పేస్తాను. జారుడు బట్టతో వచ్చే ట్రాక్ ప్యాంట్లు పరిగెత్తేవాళ్ళకి కుట్టినవి, గాలి ఆడుతుంటే చెమట త్వరగా ఆరుతుంది, సోఫాలో కూర్చుంటే మాత్రం తొడల వెనక జిగటగా అంటుకుంటాయి. కాటన్ షార్ట్స్ సరే. కానీ నన్నడిగితే మంచి నూలు లుంగీని మించిన ఇంటి బట్ట మగవాళ్ళకి ఇంతవరకూ రాలేదు. జారిపోతుందని భయపడే కుర్రాళ్ళు అంచులు కలిపి కుట్టిన లుంగీ తీసుకోవచ్చు. కొత్తది తెస్తే వెంటనే కట్టకుండా రెండుసార్లు ఉతకండి, ఆ గంజి బిరుసు పోయాకే దాని హాయి తెలుస్తుంది.

రోజూ వచ్చే షోల్లో బిగ్‌బాస్ ఒకటి తలుచుకోకుండా ఉండలేం. 2017లో స్టార్ మాలో మొదలైంది, 2019 నుంచి నాగార్జునే హోస్ట్. దీనికి ఒప్పుకుంటే దాదాపు మూడున్నర నెలల రాత్రులు ఒప్పుకున్నట్టే, ఇంకో సీరియల్‌కి చోటుండదు. నాకు రోజూ గొడవలు చూసి పడుకోవడం నచ్చదు కాబట్టి శని, ఆదివారాల ఎపిసోడ్లు మాత్రమే చూడమంటాను, వారం మొత్తంలో ఏం జరిగిందో వాటిల్లోనే తెలిసిపోతుంది. దానికి బదులు పాటలు కావాలంటే ఈటీవీలో 'పాడుతా తీయగా' ఉంది. 1996 నుంచి బాలసుబ్రహ్మణ్యం గారు నడిపిన కార్యక్రమం, 2020లో ఆయన పోయాక కొడుకు చరణ్ అందుకున్నారు. దీనికి చెవులు చాలు, ఇస్త్రీ చేసుకుంటూ కూడా వినొచ్చు, కానీ ఒక పిల్ల పాటలో మంచి సంగతి వేసినప్పుడు చేతిలో ఇస్త్రీపెట్టె ఆగిపోతుంది చూడండి, అందుకని ఆ టైమ్‌కి కాటన్ చీరలు పెట్టుకోకండి.

చీర అంటే ఆదివారం గుర్తొచ్చింది. ఇంట్లో చీర కట్టుకునేవాళ్ళకి, ఆదివారం మధ్యాహ్నం సినిమా చూస్తూ, సాయంత్రం ఎవరైనా వస్తారేమో అనుకునేవాళ్ళకి ముల్ కాటన్‌కీ మంగళగిరికీ మధ్య పోటీ. ముల్ సన్న నూలుతో నేసిన పల్చటి బట్ట, గంజి అక్కర్లేదు, మొదటి రోజు నుంచే మెత్తగా ఒంటిని పట్టుకుని ఉంటుంది, కుచ్చిళ్ళు మాత్రం కాస్త జారతాయి. మంగళగిరి గుంట మగ్గం మీద దట్టంగా నేసినది, చిన్న జరీ అంచు, మొదట్లో బిరుసుగా ఉండి ఉతికేకొద్దీ మెత్తబడుతుంది, నలుగురిలోకి వెళ్ళినా నిండుగా ఉంటుంది. రోజంతా ఇంట్లోనే అయితే ముల్, సాయంత్రం గుడికి కూడా అదే చీరతో వెళ్ళాలంటే మంగళగిరి. ఏది కట్టుకున్నా లోపల లంగా కాటన్‌దే అయి ఉండాలి, ముల్ కాటన్ చీర కింద శాటిన్ లంగా వేస్తే గాలాడే చీర కట్టుకున్న ప్రయోజనం మొత్తం పోతుంది. లంగా బొందు కూడా సన్నటి తాడు కాకుండా వెడల్పు పట్టీది వేయించుకోండి, నడుం మీద నల్లటి మచ్చలు పడేది ఆ తాళ్ళ వల్లే.

ఆదివారం సినిమా టీవీలో చూడాలా, ఓటీటీలో చూడాలా అంటే, ఇంటి నిండా మనుషులుంటే టీవీలోనే, యాడ్స్ టైమ్‌లో కబుర్లు, టీ, అన్నీ జరుగుతాయి. ఒక్కరే ఉంటే ఓటీటీ, రెండున్నర గంటల సినిమాని యాడ్స్‌తో కలిపి మూడు గంటలకి పైగా చూడక్కర్లేదు.

పెద్దవాళ్ళకి కొనేటప్పుడు లెక్క మారుతుంది, ఇక్కడ కాస్త శ్రద్ధ పెట్టండి. చేతులు పైకి ఎత్తలేని అమ్మకి తల మీంచి వేసుకునే నైటీ ప్రతిరోజూ ఒక బాధ. ముందు పూర్తిగా తెరుచుకుని, పెద్ద గుండీలు ఉన్నది కుట్టించండి, చిన్న జిప్ తోక వేళ్ళకి చిక్కదు. పొడవు చీలమండకి పైనే ఆపేయండి, రాత్రి బాత్‌రూమ్‌కి లేచినప్పుడు కాళ్ళకి చుట్టుకోకూడదు. వాళ్ళ టీవీకి స్మార్ట్ రిమోట్లు, యాప్‌లు, ప్రొఫైళ్ళు అక్కర్లేదు, నంబరు నొక్కితే చానెల్ రావాలి. మధ్యాహ్నం 12కి తిరుమల వాళ్ళ భక్తి చానెల్ ఎస్వీబీసీలో శ్రీవారి కల్యాణోత్సవం, సాయంత్రం దూరదర్శన్ సప్తగిరి లేదా యాదగిరి, రాత్రి ఒక సీరియల్, వాళ్ళ రోజు నిండిపోతుంది. ఎంపిక చేసి పెట్టడం అంటే ఇక్కడ మనకి నచ్చింది చూపించడం కాదు, వాళ్ళ చేత్తో వాళ్ళు పెట్టుకోగలిగేలా చేయడం.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవాళ్ళకి చలికాలం రాత్రికి ఫ్లీస్ పైజమా, కాటన్ ఫ్లానెల్ పైజమా రెండూ దొరుకుతాయి. ఫ్లీస్ పాలిస్టరే, హీటర్ తిరిగే పొడి ఇంట్లో వెంట్రుకలు లేచి నిలబడతాయి, దుప్పటి లాగితే చిటపటమంటుంది. ఫ్లానెల్ తీసుకోండి, లోపల ఇక్కడినుంచి తీసుకెళ్ళిన నూలు బనియన్ ఒకటి. సీరియల్ అక్కడ ఎలాగూ యాప్‌లోనే కాబట్టి పొద్దున్న వంట చేసుకుంటూ వినేయండి, రాత్రిని ఆరు ఎపిసోడ్ల సిరీస్‌కి వదిలేయండి.

డబ్బు దగ్గరికొస్తే, సేల్ పెట్టారని ఒకే రకం అయిదు ఒకేసారి తెచ్చుకోకండి. నచ్చిన రకం ముందు ఒక్కటి కొని, రెండు మూడు ఉతుకులు చూడండి, కుట్టు నిలిచి, రంగు దిగకుండా, పొడవు సరిపోతే అదే షాపుకెళ్ళి అదే సైజు రంగు మార్చి ఇంకో రెండు తెచ్చుకోండి. మెడ సాగిన ఆ పాత టీషర్టులు ఫ్యాన్ రెక్కలు తుడవడానికి బాగా పనికొస్తాయి, ఈ ఆదివారం సినిమా మొదలయ్యేలోపు బీరువాలోంచి తీసేయండి.